సర్వర్ మరణ వాంగ్మూలం!

వెబ్‌సైట్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే పనిచేస్తుంది. ఆ మధ్యలో ఎక్కడో ఒక కంప్యూటర్లో ఓ ప్రోగ్రామ్ ప్రాణం పోయింది. ఎందుకు పోయిందో తేలాలంటే పోయే క్షణంలో దాని బుర్రలో ఏముందో చూడాలి. ఆ ఏర్పాటు పేరే కోర్ డంప్. గుట్టు విప్పే సాక్షి అదే... ఏమరుపాటుగా ఉంటే గుట్టు రట్టు చేసేదీ అదే!

పండక్కి ఊరెళ్లాలి. బస్సు టికెట్ కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పేర్లు, వయసులు, కిటికీ పక్క సీటు... అన్నీ నింపి బటన్ నొక్కారు. తెర తెల్లబోయింది. డబ్బులు పోయాయా, సీట్లు పోయాయా? గుండెల్లో దడ. ఇంకోసారి నొక్కితే ఏమీ జరగనట్టే పేజీ వచ్చేసింది. 'నెట్ బాలేదు' అని గొణుక్కుని మనం ఆ సంగతి మర్చిపోతాం.

ప్రతిసారీ నెట్‌ను ఆడిపోసుకోనక్కర్లేదు. టెన్త్ ఫలితాల రోజు సైట్లు మొరాయించడం వేరు. లక్షలమంది ఒక్కసారిగా మీద పడితే ఏ సర్వరైనా ఊపిరాడక ఆగుతుంది. అది రద్దీ జబ్బు. దానికి మందు తెలిసిందే, మరికొన్ని కంప్యూటర్లు జతచేయడం. ఇక్కడ చెప్పుకునేది వేరే జబ్బు. రద్దీ లేదు, కరెంటు పోలేదు, తీగ తెగలేదు. అయినా సర్వర్లోని ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ కుప్పకూలుతుంది. సర్వర్ తన దినచర్య రాసుకునే లాగ్ ఫైల్లో మాత్రం ఒకే ఒక్క వాక్యం మిగులుతుంది... 'చైల్డ్ పిడ్ 4127 ఎగ్జిట్ సిగ్నల్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ 11'.

అంటే, 4127 నంబరు పిల్ల ప్రోగ్రామ్ పోయింది, 11వ నంబరు సంకేతం అందుకుని పోయింది అని. అంతే. ఎక్కడ పోయిందో, పోయేముందు ఏం చేస్తోందో ఒక్క ముక్క ఉండదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో 'ప్రొడక్షన్ సపోర్ట్' అంటూ రాత్రి డ్యూటీ చేసే అబ్బాయో అమ్మాయో ఉంటే అడిగి చూడండి. ఆ 11 తమ నిద్ర ఎన్నిసార్లు చెడగొట్టిందో చెబుతారు.

గల్లాపెట్టె దగ్గర పెద్దాయన

మన హోటళ్లలో ఇడ్లీ తెచ్చిచ్చే మనిషినీ సర్వర్ అనే అంటాం. పోలిక అక్కణ్నుంచే తీసుకుంటే సులువుగా అర్థమవుతుంది. లినక్స్ కంప్యూటర్లలో వెబ్‌సైట్లు నడపడానికి ఎక్కువగా వాడే ప్రోగ్రాముల్లో అపాచీ ఒకటి. 1995లో పుట్టింది. ఏడాది తిరిగేసరికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైట్లను నడిపే సర్వర్‌గా పేరు తెచ్చుకుంది. దాని పద్ధతి అచ్చం హోటల్ పద్ధతే. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన కూర్చుంటాడు. తాను ఎవరికీ వడ్డించడు. కొంతమంది కుర్రాళ్లను పెట్టుకుంటాడు. వచ్చినవాళ్లకు కావలసింది తెచ్చిచ్చేది వాళ్లే. కంప్యూటర్ భాషలో పెద్దాయన పేరెంట్, కుర్రాళ్లు చైల్డ్ ప్రాసెస్‌లు. తర్వాతి కాలంలో వచ్చిన ఎన్జిన్‌ఎక్స్ సర్వర్‌లోనూ పై పెద్ద ఒకరు, పనివాళ్లు కొందరు.

వడ్డిస్తూ వడ్డిస్తూ ఓ కుర్రాడు కళ్లు తిరిగి పడిపోయాడనుకోండి. పెద్దాయన కంగారుపడడు. పద్దు పుస్తకంలో ఓ గీత గీసి, ఇంకో కుర్రాణ్ని పంపిస్తాడు. హోటల్ మూతపడదు. పడిపోయిన కుర్రాడి దగ్గర ఆర్డరిచ్చిన బల్ల వాళ్లకే ఇబ్బంది. పాత పద్ధతిలో ఒక్కో కుర్రాడు ఒక్కో బల్లనే చూసేవాడు కాబట్టి నష్టమూ ఒక్కరికే. ఇప్పటి అపాచీలో ఒక్కో చైల్డ్ ప్రాసెస్ మామూలుగా పాతిక పనులను ఒకేసారి చక్కబెడుతుంది. ఒకటి పోతే పాతికమంది తెరలు తెల్లబోవచ్చు.

ఈ పద్ధతి మంచిదే. చిక్కల్లా దాని మంచితనంలోనే ఉంది. హోటల్ ఆగదు కాబట్టి రోగం బయటపడదు. రోజుకు ఒకడు పడితే ఎవరూ పట్టించుకోరు. పావుగంటకొకడు పడుతుంటే అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. వంట గదిలో గ్యాసా? నేల మీద నూనా? ఫలానా బల్ల దగ్గరికి వెళ్లినప్పుడే పడుతున్నాడా? పద్దు పుస్తకంలో గీతలు తప్ప ఏమీ లేవు. పడినవాణ్ని అప్పటికే బయటికి మోసేశారు!

పక్కవాడి సర్వే నంబర్లో కాలు

ఇంతకీ ఆ 11 ఏమిటి? కంప్యూటర్ మెమరీని ఓ ఊరి పొలమనుకోండి. నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ లినక్స్ కొంత భూమి రాసిస్తుంది. ఇక్కణ్నుంచి ఇక్కడి దాకా నీది, ఇందులో చదువుకోవచ్చు, అందులో రాసుకోవచ్చు అని హద్దురాళ్లు పాతుతుంది. ప్రోగ్రామ్ తన హద్దు దాటి, తనకు రాసివ్వని చోట కాలు పెట్టిందా... ప్రాసెసర్ వెంటనే పట్టేస్తుంది. లినక్స్‌కు కబురందుతుంది. అది 11వ నంబరు తాఖీదు పంపుతుంది. ఆ తాఖీదు అందుకున్న ప్రోగ్రామ్ మామూలుగా బతకదు. కఠినంగా అనిపించినా ఇది న్యాయమే. హద్దు దాటిన ప్రోగ్రామ్‌ను వదిలేస్తే ఎవరి లెక్కలు ఎక్కడ చెరిపేస్తుందో చెప్పలేం.

ఇలాంటి తాఖీదులు ఇంకా ఉన్నాయి. తనకు తానే 'నావల్ల కాదు' అని ప్రోగ్రామ్ చేతులెత్తేస్తే అది 6. సున్నాతో భాగహారం లాంటి లెక్క తప్పితే 8. అర్థంకాని ఆజ్ఞ ఎదురైతే 4. కానీ సర్వర్లు చూసుకునేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది 11వ నంబరే.

అందులోనూ తరచుగా కనిపించేది సున్నా చిరునామా తప్పు. 'ఫలానా వస్తువు ఎక్కడుంది?' అని ప్రోగ్రామ్ అడుగుతుంది. అది దొరక్కపోతే జవాబుగా సున్నా వస్తుంది. 'లేదు' అని దానర్థం. రాసినాయన ఆ సంగతి చూసుకోకుండా సున్నానే చిరునామా అనుకుని తలుపు తట్టే ప్రోగ్రామ్ రాస్తాడు. సున్నా చిరునామాలో ఎవరూ ఉండరు. ఉండకూడదనే లినక్స్ దాన్ని ఖాళీగా ఉంచుతుంది. తట్టిన ప్రోగ్రామ్ అక్కడికక్కడే చస్తుంది. 'లేదు' అనే ఈ సంకేతాన్ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో పెట్టింది బ్రిటన్ శాస్త్రవేత్త టోనీ హోర్. కంప్యూటర్ పాఠాల్లో వచ్చే క్విక్‌సార్ట్ కూడా ఆయన బుర్రలో పుట్టిందే. 2009లో లండన్‌లో మాట్లాడుతూ ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల తప్పు అని చెప్పుకున్నాడు. పెట్టడం సులువుగా ఉంది కదా అని పెట్టేశాడట!

ఉంగరాల్లో దాగిన జ్ఞాపకం

సరే, ప్రోగ్రామ్ పోయింది. పోయే ముందు ఆఖరి క్షణంలో దాని మెమరీలో ఏమేం ఉన్నాయో ఉన్నదున్నట్టు ఓ ఫైల్లోకి దింపేస్తే? అదే కోర్ డంప్. కోర్ట్లో మరణ వాంగ్మూలానికి ఎంత విలువో కంప్యూటర్ లోకంలో దీనికంత విలువ.

ఇందులో 'కోర్' అనే మాట వెనక ఓ ముచ్చటైన కథ ఉంది. 1950లు, 60ల్లో కంప్యూటర్ల మెమరీ అంటే ఇప్పటిలా చిప్ కాదు. ఆవగింజలంత చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. ఒక్కో ఉంగరం పేరు కోర్. ఉంగరం ఒకవైపు అయస్కాంతమైతే ఒకటి, రెండోవైపు అయితే సున్నా. వేలకొద్దీ ఉంగరాల్లోంచి సన్నటి తీగలు దూర్చి వలలా అల్లేవారు. పూలమాల కట్టినంత ఓర్పు కావాలి. భూతద్దాల కింద కూర్చుని ఈ అల్లిక పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం 1953లో వర్ల్‌విండ్ అనే కంప్యూటర్‌కు ఈ మెమరీ బిగించింది. మొదట పెట్టింది 1,024 పదాల మెమరీ. ఇప్పటి ఫోన్లో ఓ చిన్న ఫొటోకు కూడా చాలదది.

ఈ ఉంగరాలకు ఓ గొప్ప గుణం ఉంది. కరెంటు పోయినా జ్ఞాపకం పోదు. 1986లో అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ ఆకాశంలోనే ముక్కలై సముద్రంలో పడింది కదా. దాని కంప్యూటర్లలో ఉన్నవి ఈ ఉంగరాల మెమరీలే. అంత విధ్వంసం తర్వాత, ఉప్పునీళ్లలో మునిగిన తర్వాత కూడా వాటిలోని సమాచారం చెక్కుచెదరలేదు.

ఆ రోజుల్లో ప్రోగ్రామ్ చెడిపోతే ఉంగరాల్లోని అంకెలన్నీ కాగితాల మీద ముద్రించేసేవారు. కట్టలు కట్టలు. ప్రోగ్రామర్ పెన్సిల్ పట్టుకుని వాటి మీద వాలిపోయేవాడు. 1970ల్లో చిప్‌లు వచ్చి ఉంగరాలను తరిమేశాయి. పేరు మాత్రం పోలేదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్, చచ్చిన ప్రోగ్రామ్ మెమరీని 'కోర్' అనే పేరుతోనే ఫైలు చేసేది. దాని బాటలోనే పుట్టిన లినక్స్ ఆ పేరునే నిలబెట్టింది. ఇంట్లో ఎవరూ రోట్లో రుబ్బకపోయినా 'రుబ్బిన పిండి' అంటున్నాం కదా, అలాగన్నమాట.

తాళం మీద తాళం

ఇంత విలువైన సాక్ష్యం ప్రతిసారీ తయారవుతుందనుకుంటే పొరపాటే. వెబ్ సర్వర్ల విషయంలో చాలాసార్లు అసలు తయారే కాదు. అపాచీ పడిపోతుంది, డంప్ ఉండదు. ఆ తాళాలు తీయడమే ఓ చిన్న డిటెక్టివ్ కథ. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ కుర్రాడికి ఈ పని అప్పగించారనుకుందాం.

మొదటి తాళం పరిమితి. డంప్ ఎంత పెద్దది కావచ్చో చెప్పే హద్దు ఒకటుంటుంది. 'యులిమిట్ మైనస్ సి' అని టైప్ చేస్తే కనిపిస్తుంది. చాలా యంత్రాల్లో అది సున్నా. అంటే అసలు రాయొద్దని. కుర్రాడు దాన్ని 'అన్‌లిమిటెడ్' అని మార్చేస్తాడు. హమ్మయ్య అనుకుంటాడు. సర్వర్ మళ్లీ పడుతుంది. ఫైలు లేదు!

ఎందుకంటే అతను మార్చింది తన తెర వరకే. సర్వర్‌ను నడిపేది అతను కాదు. ఈ కాలపు లినక్సుల్లో చాలావాటిలో సర్వీసులను మొదలుపెట్టేది సిస్టమ్‌డి అనే మేస్త్రి. పరిమితి సంగతి ఆ మేస్త్రికి చెప్పాలి. అపాచీ సర్వీసు వివరాల్లో 'లిమిట్‌కోర్ ఈక్వల్స్ ఇన్ఫినిటీ' అనే వాక్యం చేర్చి, సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. సీనియర్లు కూడా బోల్తాపడే చోటిది.

రెండో తాళం చాలా తెలివైనది. వెబ్‌సైట్లు వినే 80వ నంబరు ద్వారం దగ్గర కూర్చోవాలంటే మామూలుగా సర్వాధికారి అయిన 'రూట్' హోదా కావాలి. అపాచీ పెద్దాయన ఆ హోదాతోనే మొదలవుతాడు. పిల్లలకు మాత్రం ఆ అధికారం ఇవ్వడు. ఏ అధికారమూ లేని మామూలు వినియోగదారుగా మార్చి పనిలోకి దింపుతాడు. ఇలా వేషం మార్చిన ప్రోగ్రామ్ అంటే లినక్స్‌కు అనుమానం. సర్వాధికారిగా ఉన్నప్పుడు చూసిన రహస్యాలు దాని మెమరీలో ఇంకా మిగిలి ఉంటే? అందుకే దాని డంప్‌ను లినక్స్ నిలిపేస్తుంది. అపాచీ సెట్టింగుల్లో 'కోర్‌డంప్‌డైరెక్టరీ' అని రాసి, ఫలానా ఫోల్డర్లో వేయమని మనమే నోరు విప్పి చెప్పాలి. అలా చెబితేనే అపాచీ తన పిల్లలకు డంప్ అనుమతిని లినక్స్ దగ్గర తిరిగి ఇప్పించుకుంటుంది. పైగా ఆ ఫోల్డర్లో రాసే హక్కు పిల్లలకు ఉండాలి. లేకపోతే మళ్లీ మొదటికే.

ఇక్కడే ఓ జాగ్రత్త. ఆ ఫోల్డర్ వెబ్‌సైట్ పేజీలుండే చోట మాత్రం పెట్టకూడదు. పెడితే ఆ డంప్‌ను ప్రపంచంలో ఎవరైనా బ్రౌజర్‌లోంచి దించుకుపోవచ్చు. బీరువా తాళాలు వీధరుగు మీద పెట్టినట్టే.

మూడోది తాళం కాదు, దారి మళ్లింపు. డంప్ ఎక్కడికి వెళ్లాలో 'కోర్ ప్యాటర్న్' అనే సెట్టింగ్ చెబుతుంది. అందులో ఫైలు పేరుంటే ఫైలుగా వస్తుంది. నిలువు గీతతో మొదలైతే మాత్రం డంప్ నేరుగా ఇంకో ప్రోగ్రామ్ చేతిలోకి పోతుంది. ఉబుంటులో అయితే యాపోర్ట్, ఫెడోరా లాంటి వాటిలో సిస్టమ్‌డి కోర్‌డంప్. కుర్రాడు తాను చెప్పిన ఫోల్డర్లో గంటసేపు వెతుకుతాడు. అదేమో 'కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్' అని అడిగితే బుద్ధిగా జాబితాలో కనిపిస్తుంది. టెంప్ ఫోల్డర్లో వేయమన్నా కనిపించకపోతే ఇంకో కారణమూ ఉండొచ్చు. ఒక్కో సర్వీసుకు విడిగా ఓ సొంత టెంప్ ఫోల్డర్ చూపించి మాయ చేసే సౌకర్యం సిస్టమ్‌డిలో ఉంది. ఫైలు అందులో ఉంటుంది.

అన్నీ సరిచేశాక పనిచేస్తోందో లేదో తెలిసేదెలా? నిజంగా పడేదాకా కాచుకోవాలా? అక్కర్లేదు. ఓ పిల్ల ప్రాసెస్‌ను చూసుకుని 'కిల్ మైనస్ 11' అని దానికి తాఖీదు చేత్తో పంపితే సరి. అది పడిపోతుంది. లాగ్‌లో మామూలు వాక్యం చివర ఈసారి 'పాజిబుల్ కోర్‌డంప్' అని కొసరు మాట కనిపిస్తే పెట్టిన వల సరిగ్గా ఉన్నట్టే. పగలు, జనం వాడుతున్న సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. పరీక్షల కోసం పెట్టుకున్న యంత్రం మీద, అదీ చెప్పి చేయాలి.

ఇంకో చిక్కు చోటుది. ఒక్కో డంప్ వందల మెగాబైట్లు, ఒక్కోసారి గిగాబైట్లు ఉంటుంది. పావుగంటకొకటి పడుతుంటే తెల్లారేసరికి డిస్కు నిండిపోతుంది. అప్పుడు పిల్లలు కాదు, మొత్తం హోటలే మూత! రోగం కనిపెట్టబోయి రోగిని చంపినట్టు. అందుకే అనుభవమున్నవాళ్లు డంప్‌ల కోసం వేరే డిస్కు కేటాయిస్తారు. ఒకటో రెండో చేతికి రాగానే మళ్లీ ఆపేస్తారు.

శవ పరీక్ష గదిలో...

డంప్ చేతికొచ్చాక దాన్ని చదివే పరికరం జీడీబీ. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన డీబగ్గర్. ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి రెండు ఇవ్వాలి. ఒకటి డంప్, రెండోది అచ్చంగా ఆ డంప్‌ను పుట్టించిన ప్రోగ్రామ్. 'అచ్చంగా' అంటే అచ్చంగానే. మధ్యలో అప్‌డేట్ చేసి ఉంటే శవం ఒకరిది, జాతకం ఇంకొకరిది అవుతుంది.

'బీటీ' అని రెండక్షరాలు కొడితే చాలు. బ్యాక్‌ట్రేస్. పడిపోయే క్షణంలో ఎవరి పని ఎవరికి అప్పగించి ఉందో వరసగా చెబుతుంది. అన్నిటికన్నా పైన ప్రాణం పోయిన చోటు. దాని కింద దాన్ని పిలిచినవాడు. వాడి కింద వాణ్ని పిలిచినవాడు. అలా దిగుతూ పోతే ఆఖర్న అపాచీ మొదలైన చోటు. మొదటిసారి చూసేవాళ్లకు చాలాసార్లు నిరాశే ఎదురవుతుంది. పేర్లుండాల్సిన చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ప్రోగ్రామును సైజు తగ్గించడానికి పేర్లన్నీ తీసేసి పంపిణీ చేయడమే కారణం. ఆ పేర్ల పట్టికలను డీబగ్ సింబల్స్ పేరుతో విడిగా దించుకుని జతచేస్తే ప్రశ్నార్థకాలు పోయి అసలు పేర్లు వస్తాయి.

ఉదాహరణకు ఇలా ఉందనుకోండి. పైన, చిరునామా సున్నాను చదవబోయిన ఓ చిన్న ఫంక్షన్. దాని కింద ఫొటోల సైజు తగ్గించే అదనపు భాగం. దాని కింద పీహెచ్‌పీ. అడుగున అపాచీ. మొత్తం వాక్యం చదివినట్టే ఉంటుంది. ఎవరో ఫొటో ఎక్కించారు. మధ్యలో నెట్ తెగి సగమే ఎక్కింది. సగం ఫొటోను తెరవబోతే 'లేదు' అని జవాబు వచ్చింది. అదనపు భాగం రాసినవారు ఆ జవాబును చూసుకోలేదు. మెమరీలోనే ఆ ఫొటో పేరు కూడా ఉంటుంది కాబట్టి ఏ ఫొటోనో కూడా తెలిసిపోతుంది. అపాచీ పడిపోతోందని అందరూ తిట్టుకున్నారు, అపాచీ తప్పేమీ లేదు. నిజంగానూ చాలా కేసులు ఇలాగే తేలుతుంటాయి. పడిపోయేది అపాచీ, పడేసేది దానికి తగిలించిన ఏదో ఒక మాడ్యూల్. మందు రెండు లైన్లు. జవాబు సున్నా అయితే వెనక్కి తిరుగు అని.

శంషాబాద్‌లో చేతిరాత

డంప్‌ల బలం జనానికి తెలిసేలా చేసిన రోజు 2024 జులై 19. అది లినక్స్ కథ కాదు, విండోస్ కథ. అయినా సూత్రం ఒకటే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన సమయం ప్రకారం ఉదయం 9:39కి ఓ అప్‌డేట్ వదిలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఆలోపే జరగాల్సింది జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరలు వేసుకున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడి చేతిరాత పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

ఆ నీలి తెర పడేటప్పుడు విండోస్ చేసేది కూడా మెమరీని దింపుకోవడమే. ఆ డంప్‌లు తెరిచి చూస్తే ప్రోగ్రామ్ తనది కాని చిరునామా చదవబోయి పడిందని తేలింది. తర్వాత సంస్థ ఇచ్చిన వివరణ వింటే నోరెళ్లబెట్టాలి. ఓ చోట 21 అంశాలు ఉంటాయని రాసుకున్నారు, ఇచ్చింది 20. ఇరవై ఒకటోదాని కోసం చెయ్యి చాస్తే అక్కడ ఏమీ లేదు. అంతే, ప్రపంచంలో సగం విమానాశ్రయాల్లో పెన్నులు బయటికొచ్చాయి అన్నంత పనైంది.

బుర్రలో దాగిన రహస్యాలు

ఇంత ఉపయోగమైతే ఎప్పుడూ డంప్‌లు తీస్తూనే ఉండొచ్చుగా? కూడదు. ఎందుకో ఆలోచించండి. డంప్ అంటే ప్రోగ్రామ్ బుర్ర మొత్తం. మీరు బటన్ నొక్కిన క్షణంలో మీ పాస్‌వర్డ్, కార్డు నంబరు ఆ బుర్రలోనే ఉండొచ్చు. ఇంకా ముఖ్యమైనది, తాళం గుర్తు చూపి 'ఇది అసలైన సైటే' అని మనకు చెప్పే రహస్య తాళంచెవి కూడా అందులోనే ఉంటుంది. బయట వాటికి ఎన్ని కవచాలున్నా, వాడేటప్పుడు మెమరీలో విప్పక తప్పదు కదా. డంప్‌లో అవి విప్పినవి విప్పినట్టే పడతాయి. పైగా ఆ ఫైలును పరీక్షించడానికి ఓ ఇంజినీర్ నుంచి ఇంకో ఇంజినీర్‌కు, ఒక్కోసారి ఇంకో కంపెనీకి పంపుతుంటారు.

భయం ఊరికే కాదు. 2023 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ తన ఈమెయిళ్లను ఎవరో చదువుతున్నారని పసిగట్టింది. తీగ లాగితే 22 సంస్థలు, 500 మందికి పైగా బాధితులు బయటపడ్డారు. వారిలో అప్పటి వాణిజ్య మంత్రి జీనా రైమాండో ఒకరు. ఒక్క విదేశాంగ శాఖ నుంచే దాదాపు 60 వేల మెయిళ్లు పోయాయి. దొంగల దగ్గర ఉన్నది మైక్రోసాఫ్ట్ 2016లో తయారుచేసుకున్న ఓ రహస్య తాళంచెవి. ఇది చైనా బృందం పనని మైక్రోసాఫ్ట్, అమెరికా ప్రభుత్వం చెప్పాయి. చైనా కాదంది.

మరి ఆ తాళంచెవి ఎలా పోయింది? 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఓ వివరణ ఇచ్చింది. 2021లో ఓ సిస్టమ్ పడిపోయినప్పుడు తయారైన క్రాష్ డంప్‌లో ఆ చెవి పొరపాటున ఉండిపోయిందని, డంప్‌ను భద్రమైన చోటు నుంచి పరీక్షల చోటికి మార్చారని, అక్కణ్నుంచి పోయి ఉంటుందని. లోకమంతా నమ్మింది. కథ అక్కడితో ఆగలేదు. 2024 మార్చిలో అదే సంస్థ ఆ వివరణను సవరించుకుంది. తాళంచెవి ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదంది. తర్వాతి నెలలో వచ్చిన అమెరికా సమీక్షా మండలి నివేదిక కూడా అది ఎలా పోయిందో తేలలేదనే చెప్పి, సంస్థ భద్రతా పద్ధతులను గట్టిగానే తప్పుపట్టింది. తమ బుర్రలోంచి దింపిన కాగితాల్లో ఏముందో ఇంత పెద్ద సంస్థే కచ్చితంగా చెప్పలేకపోయిందంటే, నలుగురు ఉద్యోగులున్న కంపెనీ సంగతి ఊహించుకోవచ్చు.

లినక్స్‌కూ ఈ తలనొప్పి తప్పలేదు. 2025 మే నెలలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు యాపోర్ట్‌లో ఒకటి, సిస్టమ్‌డి కోర్‌డంప్‌లో ఒకటి లోపాలు బయటపెట్టారు. రెండూ డంప్‌లను అందుకునే ప్రోగ్రాములే. అదే కంప్యూటర్లో చిన్న ఖాతా ఉన్నవాడు అధికారమున్న ఓ ప్రోగ్రామ్‌ను కావాలని పడేస్తాడు. దాని డంప్‌ను అందుకునేవాడు తేరుకునేలోపు అదే నంబరుతో ఇంకో ప్రోగ్రామ్‌ను అక్కడ నిలబెడతాడు. దాంతో తనకు దక్కకూడని డంప్ తన చేతికొస్తుంది. అందులోంచి పాస్‌వర్డ్‌ల సంకేత రూపాలను రాబట్టి మరీ చూపించారు. సరిదిద్దిన అప్‌డేట్లు వచ్చేదాకా 'సుయిడ్ డంపబుల్' అనే సెట్టింగును సున్నా చేసుకోమన్నారు. అధికారమున్న ప్రోగ్రాముల డంప్‌లు అసలే తయారుకాకుండా ఆపడమన్నమాట.

కొన్ని జాగ్రత్తలు లినక్స్‌లోనే ఉన్నాయి. ఫలానా గది మాత్రం డంప్‌లోకి రానివ్వొద్దని ప్రోగ్రామ్ ముందే చెప్పుకునే వీలు 2012లో వచ్చింది. రహస్య తాళంచెవులను ఆ గదిలో దాచొచ్చు. కానీ అలా రాసేది ప్రోగ్రామర్, అతనికి గుర్తుండాలి. మన దేశంలో 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, జనం వివరాలకు తగిన భద్రత కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాశారు. డంప్ ఫైలు జనం వివరాలున్న ఫైలు కాదని ఎవరూ వాదించలేరు.

'పంపమంటారా?'

సర్వర్ల గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. డంప్ మీ ఇంటికీ వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వాడినవారికి గుర్తుండే ఉంటుంది. ఏదైనా ప్రోగ్రామ్ పడిపోగానే ఓ చిన్న పెట్టె తెరుచుకుని 'ఎర్రర్ రిపోర్ట్ పంపమంటారా, వద్దా?' అని అడిగేది. చాలామంది విసుగ్గా 'వద్దు' నొక్కేవారు. పంపితే వెళ్లేది ఇదే సరుకు, కాకపోతే మెమరీ మొత్తం కాకుండా అందులో చిన్న ముక్క. అలా వచ్చిన ముక్కలన్నీ పోగేసి చూసిన మైక్రోసాఫ్ట్‌కు మతిపోయింది. అప్పటి అధిపతి స్టీవ్ బామర్ 2002లో ఖాతాదారులకు రాసిన లేఖలో ఆ లెక్క చెప్పాడు. నూటికి 20 లోపాలే 80 శాతం ఇబ్బందులకు కారణం. మరీ విచిత్రం, నూటికి ఒక్క లోపం సగం ఇబ్బందులకు కారణం. ఎక్కడ ముందు మరమ్మతు చేయాలో జనం నొక్కిన 'పంపు' బటన్లే చెప్పాయన్నమాట.

ఇప్పుడు ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ పెట్టె రూపం మారింది. పంపాలా వద్దా అనేది ఎక్కువగా సెట్టింగుల్లో ఎక్కడో దాగి ఉంటుంది. బ్యాంకు పనో, డాక్టరు రిపోర్టో చూస్తుండగా పడిపోతే ఓ క్షణం ఆలోచించి నొక్కడం మంచిది. సినిమా పాట వింటుంటే పడిపోయిందా, నిశ్చింతగా పంపొచ్చు. కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పడిపోయినప్పుడు వచ్చే పెట్టెలో, చూస్తున్న పేజీ చిరునామా కూడా పంపమంటారా అని విడిగా ఓ గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు తీసేసి మిగతాది పంపొచ్చు.